గండి ఎక్కడ పడిందో చూద్దాం

నా ఫోనులో ఈ రోజుకు 41 రెజ్యూమెలు ఉన్నాయి. హనుమకొండ, నర్సంపేట, పరకాల, జనగామ, భూపాలపల్లి పిల్లలవి. దాదాపు అన్నిటి కిందా ఒకే మాట: "అన్నా, ఏదైనా ఉంటే చూడండి." అమెరికాలో ఉన్న మన సంఘంలో చాలామంది ఫోన్లలో ఇదే పరిస్థితి. మనం దాన్ని ఇంకో గ్రూపులోకి పంపిస్తాం, "పంపాను తమ్ముడూ" అని జవాబిస్తాం. మన మనసు తేలికపడుతుంది. ఆ కుర్రవాడు మాత్రం ఆ ఒక్క మాట పట్టుకుని నెలల తరబడి ఎదురుచూస్తాడు. దీన్ని సాయం అనడం ఇకనైనా మానేయాలి.

ఈ పిల్లలకు పద్ధతి తెలియదనుకుంటే పొరపాటు. హనుమకొండ గదుల్లో గ్రూప్స్‌కు చదివేవారిని చూడండి. సిలబస్‌ను విడగొట్టుకుంటారు, పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుంటారు, ఏ వారం ఏది తిరగేయాలో రాసి గోడకు అంటించుకుంటారు. అదే పిల్లలు ప్రైవేటు ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి ఒకే రెజ్యూమెను కనిపించిన ప్రతి ప్రకటనకూ పంపేస్తారు. ఎక్కడికి పంపారో వారం తిరిగేసరికి మరచిపోతారు. చదివితే ఉద్యోగం వస్తుందని, లేదంటే తెలిసినవాళ్లు ఇప్పిస్తారని మనమే నేర్పాం. వెతకడం కూడా నేర్చుకోవలసిన పనే అని ఎవరమూ చెప్పలేదు.

నా మేనల్లుడు కాజీపేటలో ఉంటాడు. ఇంజినీరింగ్ ముగించి ఏడాదిన్నర అయింది. ఎన్ని ఉద్యోగాలకు దరఖాస్తు చేశావని అడిగితే "చాలా పెట్టాను మామా" అన్నాడు. చాలా అంటే ఎన్ని? తెలియదు. ఏ పోస్టులకు? సగమే గుర్తున్నాయి. ఒక కంపెనీవారు ఫోన్ చేస్తే తాను పెట్టింది ఏ పోస్టుకో గుర్తురాక తడబడ్డాడట.

అప్పుడు మా నాన్న గుర్తొచ్చారు. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మి వచ్చిన ప్రతిసారీ తక్‌పట్టీని, అంటే అమ్మకం రసీదును, ఇనుప తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసేవారు. మళ్లీ విత్తనాలు కొనే ముందు ఆ తీగ కిందికి దిగేది. ఏ రకానికి ఎంత ధర పలికింది, ఏ నెలలో తీసుకెళితే నష్టపోయాం అని ఒక్కొక్కటీ చూసేవారు. ఆయన చదివింది ఐదో తరగతి.

మేనల్లుడితో ఒక పొడుగు నోటుపుస్తకం కొనిపించాను. తేదీ, కంపెనీ, పోస్టు, ఏ రెజ్యూమె పంపాడు, ఎవరితో మాట్లాడాడు, ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు అడగాలి. ఇంతే. ఐదు వారాల తర్వాత కలిసి చూశాం. అరవై దరఖాస్తులకు రెండు ఫోన్లు.

పాకాల చెరువు ఆయకట్టులో చివరి మడికి నీళ్లు అందకపోతే రైతు చెరువును తిట్టుకుంటూ కూర్చోడు. తూము దగ్గర మొదలుపెట్టి కాలువ గట్టు వెంట నడుస్తాడు, గండి ఎక్కడ పడిందో చూస్తాడు. ఇక్కడా అంతే. ఫోన్లే రాకపోతే లోపం రెజ్యూమెలోనో, ఎంచుకున్న పోస్టుల్లోనో ఉంది. ఫోన్లు వచ్చి మొదటి పరీక్షలోనే ఆగిపోతుంటే సాధన చాలలేదు. చివరి ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోతుంటే చదువు సరిపోయిందన్నమాట, మాటతీరు మీద పని చేయాలి. ఏ గండి దగ్గర ఆ మట్టి వేయాలి. ఇవేవీ చూడకుండా ప్రతి పిల్లవాడినీ "ఇంకో కోర్సు చేయి" అని హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు పంపిస్తున్నాం. ఆ ఫీజులకు అమ్మానాన్నలు అప్పులు చేస్తున్నారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

మావాడి గండి రెజ్యూమెలోనే ఉంది. పైన ఎవరి దగ్గరనుంచో తెచ్చుకున్న ఆశయవాక్యం, కింద తండ్రి పేరు, అభిరుచులు, అన్నీ నిజమేనన్న ప్రమాణం. నాలుగు నెలలు కష్టపడి చేసిన ప్రాజెక్టు ఒక్క వరుసలో, అదీ అట్టడుగున. ప్రకటనలో ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాష అడిగారు, వాడికి బాగా వచ్చు, కాగితంలో ఆ మాటే లేదు. ప్రాజెక్టును పైకి తెచ్చాం, ప్రకటనను బట్టి మార్చి రాయించాం, వారానికి ఎనిమిది దరఖాస్తులకు మించవద్దన్నాను. ఆ తర్వాతి నెలలో ఆరు ఫోన్లు వచ్చాయి. ఉద్యోగం ఇంకా రాలేదు. ఇప్పుడు రెండో రౌండులో ఆగుతున్నాడు, ఎందుకు ఆగుతున్నాడో తెలుసుకుని ఆగుతున్నాడు.

ఉద్యోగాలే లేనప్పుడు పద్ధతి ఏం చేస్తుందని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు ఈనాడు లేదు. వరంగల్ దగ్గరి మడికొండలో 2020లో పెద్ద ఐటీ కంపెనీలు కార్యాలయాలు తెరిచినా, మన పిల్లల్లో ఎక్కువమంది ఇప్పటికీ హైదరాబాద్ బస్సే ఎక్కుతున్నారు. నియామకాల నినాదంతో సాధించుకున్న రాష్ట్రంలో 2022 నోటిఫికేషన్ కింద జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, 2024లో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చింది. అందులో పిల్లల తప్పేమీ లేదు. నోటుపుస్తకం ఉద్యోగాలను పుట్టించదు. కానీ ఈ దారిలో పని లేదన్న సంగతి మూడేళ్లకు తెలియడానికీ మూడు నెలలకు తెలియడానికీ మధ్య ఒక యువకుడి జీవితం ఉంది.

దారి తెలియని నిరాశలోనే దళారి దొరుకుతాడు. డబ్బు కడితే ఉద్యోగం అనేవాడు, లేని అనుభవాన్ని కాగితం మీద పుట్టిస్తాననేవాడు. అమెరికా వచ్చిన విద్యార్థులకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. చదువు అయ్యాక పని చేసుకునేందుకు విద్యార్థి వీసా మీద ఇచ్చే అనుమతిని ఓపీటీ అంటారు; దాని మొదటి గడువులో ఉద్యోగం లేకుండా గడిపే రోజులు మొత్తం కలిపి 90 దాటకూడదు. ఆ లెక్క దగ్గరపడేకొద్దీ భయం పెరుగుతుంది, భయంలో అబద్ధపు రెజ్యూమెకు ఒప్పుకుంటారు. ఆ అబద్ధం రేపు వీసా దాకా వెంటాడుతుంది. చదువు ముగియకముందే నోటుపుస్తకం తెరిపించడం మనలాంటి పెద్దల బాధ్యత.

నా మటుకు నేను ఊరికే రెజ్యూమె పంపించడం ఆపేశాను. ఎవరైనా అడిగితే ఫలానా కంపెనీలో ఫలానా పోస్టు, దాని నంబరు, ఆ పనికి తాను ఎందుకు తగినవాడో మూడు వాక్యాలు రాసి పంపమంటున్నాను. అలా పంపినవారి కోసం నా పేరు పెట్టి సిఫారసు చేస్తున్నాను. కొందరు నొచ్చుకున్నారు.

సంఘానికి ఒక విన్నపం. బతుకమ్మ వేడుకకు పేర్లు నమోదు చేసే పత్రంలో ఎవరు ఏ వంటకం తెస్తారో అడుగుతాం. ఈ ఏడాది దాని కింద ఇంకో గడి చేర్చండి: ఒక పిల్లవాడి నోటుపుస్తకం చూడటానికి నెలకు రెండు గంటలు ఇవ్వగలరా? మొదటి పేరు నాది రాసుకోండి.