పొట్టుతో రొయ్య.. పరీక్షతో అనుమతి

ఆస్ట్రేలియాలో తయారైన ఆహార ప్యాకెట్‌ను తిప్పి చూస్తే చిన్న కంగారూ బొమ్మ, దాని కింద ఓ పట్టీ కనిపిస్తాయి. లోపలి సరుకులో స్వదేశానిది ఎంత శాతమో ఆ పట్టీ చెబుతుంది. 2018 జులై నుంచి ఇది తప్పనిసరి. నిజం చెప్పి, నిర్ణయం కొనేవారికే వదిలేసే ఈ పద్ధతి మాకు నచ్చింది.

సుంకాల గోడను ఆ దేశం ఎప్పుడో కూల్చుకుంది. 1980ల మధ్యలో దిగుమతి కార్లపై 57.5 శాతం ఉన్న సుంకం 2010కి 5 శాతానికి దిగింది. 2017 అక్టోబరు 20న అడిలైడ్ నగర శివారు ఎలిజబెత్‌లో హోల్డెన్ కార్ల కర్మాగారం మూతపడి, అక్కడ కార్ల పరిశ్రమే కనుమరుగైంది. అందుకు సుంకం ఒక్కటే కారణం కాదనుకోండి. ఇప్పుడు ఆహార ఉత్పత్తులకు మిగిలిన గట్టి కంచె, బయటి తెగుళ్లు, రోగాలు రాకుండా పెట్టుకున్న క్వారంటైన్ నిబంధనలే.

ఆ కంచె ఒక్కోసారి సాకు. తెగులు పేరు చెప్పి న్యూజిలాండ్ ఆపిల్‌ను 1921 నుంచి రానివ్వలేదు. 2010లో ప్రపంచ వాణిజ్య సంస్థ తప్పుపట్టాకే, మరుసటి ఏడాది తలుపు తెరిచారు. తొంభై ఏళ్ల భయంలో తెగులు వాటా ఎంతో, తోటల యజమానుల ఒత్తిడి ఎంతో ఊహించుకోవచ్చు.

రొయ్య సంగతి వేరు. 2016 డిసెంబరులో క్వీన్స్‌లాండ్‌లోని లోగన్ నది ఒడ్డు చెరువులకు తెల్లమచ్చ వైరస్ సోకింది. పెంచిన రొయ్యలను క్లోరిన్ పోసి చంపేయాల్సి వచ్చింది. వంటకని దిగుమతైన పచ్చిరొయ్యను ఎవరో గాలానికి ఎరగా గుచ్చారన్న అనుమానం బలంగా వినిపించింది. ఈ వైరస్ ఫ్రీజరులో చావదు, ఉడికిస్తే చస్తుంది. 2017 జనవరిలో దిగుమతులు ఆపేశారు. ఆ తర్వాత పొట్టు ఒలిచి, పరీక్ష నెగ్గిన సరుకునే రానిచ్చారు. 1990ల మధ్యలో ఇదే వైరస్‌కు టైగర్ రొయ్యను పోగొట్టుకున్న నెల్లూరు రైతుకు లోగన్ రైతు గోడు వేరే చెప్పాలా?

2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకంతో మన ఆక్వాను దెబ్బతీసింది. అక్టోబరులో, పొట్టుతో ఉన్న రొయ్యకూ ఆస్ట్రేలియా అనుమతి దొరికిందని మంత్రి నారా లోకేశ్ ప్రకటించారు. సంతోషమే. అయితే మనం అడగాల్సింది మినహాయింపు కాదు. పరీక్ష కఠినంగానే ఉండనివ్వండి, ఏ దేశపు రొయ్యకైనా అదే కొలత పెట్టమనండి. వంటకని కొన్న రొయ్య గాలానికి చేరకుండా చూసుకునే పని మాత్రం వాళ్లదే.

ఇక మన ఇంటి లెక్క. కంటైనరు వెనక్కి వస్తే ఆ నష్టం కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలో కోతగా చెరువు గట్టుకే చేరుతుంది. రేపు ఈ వైరస్ పరీక్షల బిల్లూ అదే దారి పట్టవచ్చు. దాన్ని ఎగుమతిదారులు, రాష్ట్ర ప్రభుత్వం పంచుకోవాలి. రొయ్యలు పట్టడానికి ముందే చెరువు దగ్గర నమూనా తీసి, ఫలితం కాగితం రైతు చేతికివ్వాలి. బేరానికి కూర్చున్నప్పుడు రెండెకరాల రైతు చూపించుకోవడానికి అదొక్కటే ఉంటుంది.