ఐరిష్ ప్రేమకు పట్టాదారు పాసుపుస్తకం

ఐర్లండ్ నేపథ్యంలో వచ్చే ప్రేమ నవలల్ని సాహిత్య విమర్శకుల చేతికివ్వడం పెద్ద పొరపాటు. వాటిని రిజిస్ట్రేషన్ శాఖకు అప్పగించి ఉంటే అసలు సంగతి ఎప్పుడో తేలిపోయేది. విమర్శకుడు హీరో కళ్ళు ఆకుపచ్చా, నీలమా అని చూస్తూ కూర్చుంటాడు. సబ్ రిజిస్ట్రార్ అయితే మొదటి పేజీలోనే అడగాల్సింది అడిగేవాడు: ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?

ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. ఐరిష్ నవలలంటే పడిచచ్చే పాఠకుల మనోభావాలు దెబ్బతినవచ్చు. నేనూ ఆ బాపతే కనుక ముందుగా నావే దెబ్బతిన్నాయని మనవి.

మామూలు కథ ఇలా ఉంటుంది. అమెరికాలో ఒకమ్మాయి. విడాకులైనా అయ్యుంటాయి, ఉద్యోగమంటే విరక్తైనా పుట్టి ఉంటుంది. ఐర్లండ్‌లో ఎన్నడూ మొహం చూడని నాయనమ్మో, పేరైనా వినని మేనత్తో ఈమెకొక కాటేజీ రాసిపెట్టి కన్నుమూస్తుంది. మిగతా వారసుల్లో ఒక్కడు కూడా కోర్టుకెళ్ళడు. (నవల మొత్తంలో నమ్మశక్యం కానిది ఇదే. దీన్ని మింగేసిన పాఠకుడికి తర్వాత వచ్చే దయ్యాలూ యక్షులూ ఒక లెక్క కాదు.) ఆమె విమానం దిగుతుంది. వాన. కారు బురదలో కూరుకుపోతుంది. గొర్రెలు అడ్డొస్తాయి. ఊలు స్వెటర్ వేసుకున్న మగమనిషి ఒకడు వచ్చి విసుక్కుంటూ కారు తోస్తాడు. ఆ విసుగు పోయి పెళ్ళి దాకా రావడానికి 300 పేజీలు పడుతుంది.

స్వెటర్ గురించి ఒక మాట. ఐర్లండ్ పడమటి తీరంలోని ఆరన్ దీవుల్లో ఒక్కో ఇంటికి ఒక్కో అల్లిక ఉంటుందనీ, సముద్రంలో మునిగిపోయిన జాలరిని ఆ అల్లికను బట్టే గుర్తుపడతారనీ హీరో మెల్లగా చెప్తాడు, హీరోయిన్ కళ్ళు చెమరుస్తాయి. 1904లో రంగస్థలం ఎక్కిన, ఐరిష్ రచయిత జె.ఎం.సింగ్ (మన సింగ్ కాదు) నాటకం ఒకటి ఈ కథకు మూలమంటారు. అందులో చెల్లెలు అన్నను గుర్తుపట్టేది స్వెటర్ చూసి కాదు, మేజోడు చూసి. మేజోళ్ళు చూసి మనసు పారేసుకునే హీరోయిన్ దొరకదు కాబట్టి స్వెటర్‌కి ప్రమోషన్ వచ్చింది.

ఈ నవలా శాఖకు పీఠాధిపతి అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఉండే రచయిత్రి నోరా రాబర్ట్స్. 1981లో వచ్చిన ఆమె మొదటి నవల ‘ఐరిష్ థరోబ్రెడ్’లో ఐరిష్ అమ్మాయే అమెరికా వస్తుంది, గుర్రాలు పెంచే పెద్ద ఫారం యజమానిని ప్రేమిస్తుంది. 1999లో మొదలైన ఆర్డ్‌మోర్ నవలలకు వచ్చేసరికి ట్రాఫిక్ ఎదురు తిరిగింది. మొదటి నవలలో చికాగో నుంచి జూడ్ అనే అమ్మాయి వాటర్‌ఫర్డ్ కౌంటీలోని సముద్రపు ఒడ్డు ఊరు ఆర్డ్‌మోర్‌కి వచ్చి కాటేజీలో దిగుతుంది. హీరో ఆ ఊరి పబ్ నడుపుతాడు. తమ్ముడిది వంట, చెల్లెలిది వడ్డన. మూడో నవలలో న్యూయార్క్ నుంచి ఒక డబ్బున్నాయన థియేటర్ కట్టడానికి వచ్చి ఆ చెల్లెలిని ప్రేమిస్తాడు. వెరసి మూడు జంటలు, ఒక కాటేజీ, ఒక పబ్, ఒక థియేటర్. దీన్ని ప్రేమ అంటారో వెంచర్ అంటారో పాఠకులే తేల్చుకోవాలి.

పబ్ అంటే చిన్న ఆస్తి అనుకునేరు. ఐర్లండ్‌లో కొత్త పబ్ తెరవాలంటే ఎక్కడో ఉన్న పాత లైసెన్సు ఒకటి కొని, దాన్ని రద్దు చేయించుకుని, ఆ స్థానంలో తెచ్చుకోవాలి. కాబట్టి తాతల నాటి పబ్ ఉన్న కుర్రాడు నవ్వినప్పుడు బుగ్గన సొట్ట పడిందా లేదా అన్నది రెండో విషయం.

నేను పనిగట్టుకుని ఏరుకొచ్చిన ఉదాహరణలు కావివి. ఐరిష్ ప్రేమకథల్లో జనం నెత్తిన పెట్టుకున్నది ఏది తీసినా అడుగున దస్తావేజే దొరుకుతుంది. మేవ్ బిన్షీ 1998 నవల ‘టారా రోడ్’ తీసుకోండి. డబ్లిన్‌లో మొగుడు చేసిన మోసానికి కుమిలిపోతున్న ఇల్లాలూ, అమెరికాలో కడుపుకోతతో ఉన్న మరో ఆవిడా ఒక వేసవికి ఇళ్ళు మార్చుకుంటారు. మనుషులు ఓదార్చలేనిది ఇల్లు ఓదారుస్తుందన్నమాట. మొగుడి వ్యాపారం ఏమిటంటారా? రియల్ ఎస్టేటే. శాలీ రూనీ 2018 నవల ‘నార్మల్ పీపుల్’లో హీరో తల్లి హీరోయిన్ వాళ్ళింట్లో పనిమనిషి. ఇద్దరూ డబ్లిన్‌లో చదువుకుంటుండగా వేసవిలో అద్దె కట్టలేని పరిస్థితి వచ్చి, నీ ఫ్లాట్‌లో ఉండనా అని అడగలేక, ఆ మొహమాటంతోనే ఆ అబ్బాయి ఆ అమ్మాయికి దూరమవుతాడు. ప్రపంచమంతా ఈ తరం విరహమని కన్నీళ్ళు పెట్టుకున్న ఘట్టం అద్దె బకాయి గొడవే.

సినిమా అయినా అంతే. 1952లో జాన్ ఫోర్డ్ తీసిన ‘ది క్వయట్ మ్యాన్’లో హీరో అమెరికా నుంచి తిరిగొచ్చి తాను పుట్టిన కాటేజీ కొనుక్కుంటాడు. ఆ నేల మీద అంతకుముందే కన్నేసిన పొరుగు ఆసామికి మండుతుంది. ఆ ఆసామి చెల్లెలే హీరోయిన్. పెళ్ళవుతుంది కానీ అన్న కట్నం ఇవ్వడు. కట్నం చేతికొచ్చే దాకా నేను నీకు భార్యనే కాదు పొమ్మని ఆ పిల్ల గది తలుపేసుకుంటుంది. అమెరికాలో పెరిగిన మొగుడికి ఇదేమిటో బొత్తిగా బోధపడదు. మనవాళ్ళెవరైనా పక్కన కూర్చుని ఉంటే రెండు ముక్కల్లో చెప్పేవారు: అది డబ్బు గొడవ కాదు బాబూ, మర్యాద గొడవ.

కట్నమా? ఐర్లండ్‌లోనా? అవునండీ. నవలల్లో తాతమ్మలందరూ కొండ అంచున జుట్టు విరబోసుకుని ప్రియుడి కోసం ఎదురుచూశారు గానీ, ఊళ్ళో తాతమ్మల పెళ్ళిళ్ళు అలా జరగలేదు. బంగాళాదుంప తెగులుతో 1845లో మొదలైన కరువుకు ముందు, ఉన్న కాస్త కౌలు చెక్కనూ కొడుకులంతా పంచుకునేవారు. కరువు తర్వాత ఆ పద్ధతి పోయింది. పొలం మొత్తం ఒక్క కొడుక్కి, మిగతా వాళ్ళకి ఓడ టికెట్. ఆ ఒక్కడైనా తండ్రి పొలం రాసిచ్చేదాకా బ్రహ్మచారే. నలభై దాటినా ఊళ్ళో వాడు కుర్రాడి కిందే లెక్క.

1930ల్లో హార్వర్డ్ మానవశాస్త్రజ్ఞులు క్లేర్ కౌంటీ పల్లెల్లో మకాం వేసి ఈ వ్యవహారమంతా పూసగుచ్చినట్టు రాసుకున్నారు. రెండు పక్షాలూ పట్నంలో కలుస్తాయి, మధ్యలో పెళ్ళిళ్ళ పేరయ్య. విస్కీ వస్తుంది. మీ పొలానికి ఎన్ని ఆవులు మేస్తాయి అని ఒక పక్షం, మీ పిల్లకి ఎంతిస్తారు అని రెండో పక్షం. అడిగినదానికీ ఇస్తామన్నదానికీ మధ్య ఎక్కడో పేరయ్య తెగ్గొడతాడు. తర్వాత ఆడపిల్లవారు ఒక రోజు వచ్చి పొలమంతా నడిచి చూస్తారు. గట్లు, గడ్డి, నీటి వసతి, పశువులు. (చూపించిన పశువుల్లో కొన్ని పక్కింటివని తర్వాత తేలిన కథలూ ఉన్నాయి.) అంతా కుదిరితే లాయరు దగ్గర రాతకోతలు. ముసలి తల్లిదండ్రులు పడమటి గదిలోకి మారాలి, వాళ్ళకి ఇన్ని పాలు, ఇన్ని బంగాళాదుంపలు అని కాగితం మీద ఉంటుంది. కోడలు తెచ్చిన కట్నం చాలాసార్లు ఆడపడుచు పెళ్ళికి ఖర్చయ్యేది. కోనసీమ నుంచి ఒక పేరయ్యను తీసుకెళ్ళి ఆనాటి క్లేర్‌లో దింపితే, భాష రాని ఇబ్బందే తప్ప వృత్తిపరంగా ఆయన కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండేది కాదు.

అదే క్లేర్‌లో మోహర్ కొండలున్నాయి. సముద్రం మీదికి నిట్టనిలువుగా, అత్యధికంగా 214 మీటర్ల ఎత్తు. నవలలో హీరో హీరోయిన్‌ని ఇలాంటి అంచుకే తీసుకొచ్చి అట్లాంటిక్ చూపించి మనసు విప్పుతాడు. వాళ్ళ తాతైతే అదే అంచున నిలబడి సముద్రానికి వీపు పెట్టి సరిహద్దు రాయి చూపించేవాడు.

ఆ క్లేర్‌లోనే పుట్టిన ఎడ్నా ఓబ్రయన్ 1960లో తన ఊరి ఆడపిల్లలకు నిజంగా ఏం కోరికలుంటాయో ‘ది కంట్రీ గర్ల్స్’లో రాసింది. ఐర్లండ్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. దానికి 1929 నాటి చట్టమొకటీ, దాని కింద ఓ బోర్డూ ఉండేవి. బోర్డు వారి ఆలోచన నాకు అర్థమైంది. ఆ నవలలో హీరోయిన్‌కి కాటేజీ కలిసి రాకపోగా, తండ్రి తాగుడుకి ఉన్న ఇల్లూ పోతుంది. ఆస్తి పెరగని ప్రేమ అశ్లీలం కాక మరేమిటి?

ఇక వాన. పడమటి తీరంలో కొన్ని చోట్ల ఏడాదికి 225 రోజులు వాన పడుతుంది. నవలల్లో మాత్రం ముద్దుకు అయిదు నిమిషాల ముందు మొదలై, తడిసిన బట్టలు పొయ్యి దగ్గర ఆరేసే వేళకి ఆగుతుంది. అసలు వాన చేసిన ఘనకార్యాన్ని ఏ రచయిత్రీ పట్టించుకోలేదు. 1937 నాటి ఐర్లండ్ రాజ్యాంగం విడాకుల్ని నిషేధించింది. 1986లో ఆ నిషేధం ఎత్తేద్దామా అని ఓటు పెడితే జనం వద్దన్నారు. అప్పటి ప్రచారంలో పల్లెల్ని వణికించిన ప్రశ్న ప్రేమ గురించి కాదు, విడాకులైతే పొలం ఏమవుతుందని. 1995 నవంబరు 24న మళ్ళీ ఓటింగ్ జరిగి, దేశం మొత్తం మీద 9,114 ఓట్ల తేడాతో విడాకులు గెలిచాయి. ఆ రోజు పడమటి కౌంటీల్లో వాన దంచికొట్టిందనీ, వద్దనేవాళ్ళు చాలామంది ఇల్లు కదల్లేదనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. లక్ష జంటల్ని నవలల్లో కలిపిన వాన, బయట ఇంకో పని కూడా చూసుకుందన్నమాట.

ఆ బట్టలారేసే పొయ్యిలో మండేది పీట్, అంటే బురదనేల నుంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టుకునే మట్టి. పొగ కాలుష్యం వల్ల 2022 అక్టోబరు 31 నుంచి దాన్ని దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో అమ్మకూడదు. సొంతానికి తవ్వుకునే హక్కు ఉన్నవాళ్ళు కాల్చుకోవచ్చు. ఇకమీదట రాసేవారు మొదటి ముద్దుకు ముందే హీరోకి ఆ హక్కు ఉందో లేదో స్పష్టం చేయాలని మనవి.

ఇంతకీ ఐర్లండ్ వెళ్ళిన తెలుగువాడికి కాటేజీ దొరికిందా? వి.వి.గిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. నవల నియమాల ప్రకారం వాన, గొర్రె, వారసత్వం వరసగా తగలాలి. ఆయనకు బ్రిటిష్ పాలన మీద ఐరిష్ వాళ్ళు చేసిన 1916 ఈస్టర్ తిరుగుబాటు తగిలింది. తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో దేశం విడిచి పొమ్మన్నారు. 53 ఏళ్ళు ఓపిక పడితే ఢిల్లీలో 340 గదుల రాష్ట్రపతి భవన్ వచ్చిందనుకోండి. అదీ అద్దె ఇల్లే, అయిదేళ్ళకు ఖాళీ చేయాలి.

అటు నుంచి ఇటొచ్చిన జంట ఇంకా గొప్పది. బెల్‌ఫాస్ట్ కవి జేమ్స్ కజిన్స్, రాస్‌కామన్ కౌంటీ అమ్మాయి మార్గరెట్ 1903లో పెళ్ళి చేసుకున్నారు. స్త్రీలకు ఓటుహక్కు కోసం పోరాడి ఆమె జైలుకెళ్ళింది. 1915లో ఇద్దరూ భారతదేశం వచ్చారు. 1919లో మదనపల్లె కాలేజీలో టాగూర్ ‘జనగణమన’ పాడితే స్వరాలు రాసిపెట్టింది ఈ మార్గరెట్ గారే. అసలు సిసలు ఐరిష్ హీరో, హీరోయిన్, రాయలసీమ ఎండలో! అయినా ఏ ప్రచురణకర్తా ముందుకు రాడు. పబ్ లేదు, ఇద్దరూ శాకాహారులు, పైగా మదనపల్లెలో ఏడాదికి 225 రోజుల వాన ఎవడు తెస్తాడు?

ఇప్పుడు డబ్లిన్‌లో మాస్టర్స్ చదివే తెలుగు పిల్లలకు కొదవ లేదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్ళ దాకా వీసా ఉంటుంది. వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ప్రేమలేఖలు ఇలా ఉంటాయి: ‘డబుల్ రూమ్‌లో ఒక బెడ్ ఖాళీ, వెజ్ అయితే మంచిది, బిల్స్ వేరే.’ స్థానికుల సంగతీ అంతంతమాత్రమే. 2022 జనాభా లెక్కల్లో 18 దాటి అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నవాళ్ళు 5 లక్షలకు పైనే తేలారు. మొత్తం జనాభానే 51 లక్షలు. ఎర్రజుట్టు, గరుకు గొంతు, బుగ్గన సొట్ట అన్నీ ఉన్న హీరోలు ఆ లెక్కలో ఎంతమంది ఇరుక్కుపోయారో. హీరోయిన్ తలుపు కొడితే తీసేది వాళ్ళమ్మ.

అందుకే నేనొక నవల తలపెట్టాను. హీరోయిన్‌ది ఖమ్మం, డబ్లిన్‌లో డేటా అనలిటిక్స్. ఓనర్ ఇల్లు అమ్మేస్తున్నాడని ఖాళీ చేయమని నోటీసొస్తుంది. ఒక గది చూడ్డానికి వెళ్తే వీధి చివరిదాకా క్యూ, పైన వాన (సంప్రదాయాన్ని వదలకూడదు). ముందు నిలబడ్డ కుర్రాడి దగ్గర గొడుగుంది, స్వెటర్ ఉంది. ఇద్దరికీ ఆ గది దొరకదు. మరో పన్నెండు క్యూల్లో మళ్ళీ మళ్ళీ కలుస్తారు. క్లైమాక్స్‌లో అతను పరుగెత్తుకుంటూ వచ్చి, మోకాలి మీద కూర్చుని, జేబులోంచి ఉంగరం తీయడు. ఇద్దరి పేర్లూ ఉన్న లీజు అగ్రిమెంట్ తీస్తాడు, హీటింగ్‌తో సహా. థియేటర్లో అయితే ఈలలు పడాల్సిన చోటు.

కవర్ మీద మాత్రం కొండ, సముద్రం, గొర్రె ఉండాల్సిందేనని పబ్లిషర్ పట్టుబడుతున్నారు. గొర్రె పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. డబ్లిన్ కథలో అద్దె కట్టనక్కర్లేని పాత్ర అదొక్కటే.