పంచాంగం విప్పకముందే అందిన అవమానం

మొన్న మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పంచాంగ శ్రవణం మొదలవకముందే నా రాశికి అవమానం ఎంతో తేలిపోయింది. పులిహోర కౌంటర్ దగ్గర నేను కనబడకపోయేసరికి మైకు పట్టుకున్న మిత్రుడు "ఆయన శునక సంతాపంలో ఉన్నారండీ, పదకొండో రోజుకి పిలుపులొస్తాయి" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. అప్పుడే వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడ్డాం నేనూ, మా అమ్మాయీ. మా కుక్క చింటూ పోయి అప్పటికి మూడు రోజులు.

ఆ మిత్రుణ్ణి తప్పుపట్టలేను. మా నాన్న పోయినప్పుడు అర్ధరాత్రి నన్ను ఎయిర్‌పోర్టులో దింపింది అతనే. నేను తిరిగొచ్చేదాకా మా ఇంటికి క్యారియర్లు పంపింది మీరే. పైగా మా తరానికి కుక్కంటే ముందు గుర్తొచ్చేది బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు. ఊళ్లో మా నాయనమ్మ రోజూ ఆఖరి ముద్ద అరుగు మీద పెట్టేది. అది తినే కుక్క గడప తొక్కితే మాత్రం చీపురు తీసేది. ఒకరోజు అది రావడం మానేసింది. ఎవరూ వెతకలేదు. నేనూ వెతకలేదు.

చింటూ 11 కిలోల బీగిల్. నిరుడు దసరాకి ముందు గిన్నెలకి గిన్నెలు నీళ్లు తాగడం మొదలెట్టాడు. టెక్సాస్ ఎండలు కదా అనుకున్నాం. పరీక్ష చేస్తే కిడ్నీ జబ్బని తేలింది. కిడ్నీలు రక్తంలోంచి వడగట్టాల్సిన వ్యర్థం, క్రియాటినిన్, 4.8 ఉంది. ఐదు దాటితే ఆఖరి దశే అన్నారు డాక్టరు. కుక్కల్లో ఈ జబ్బు బయటపడేసరికే కిడ్నీల పని మూడింట రెండొంతులు పోయి ఉంటుందట. పాడైన కిడ్నీలకి పడని ఫాస్ఫరస్ ఉంటుందని, వాడికి ప్రాణమైన పెరుగన్నం మాన్పించారు.

రాత్రిళ్లు సెలైన్ ఎక్కించడం నా వంతు. గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టే మేకు ఉంటుందే, సంచి దానికే తగిలించేవాణ్ణి. ముందు గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి, లేకపోతే వణికిపోయేవాడు. మా ఆవిడ వాడి తల ఒళ్లో పెట్టుకుంటే, భుజాల మధ్య చర్మం పైకి లాగి సూది దించేవాణ్ణి. 150 మి.లీ. దిగేసరికి ఎద్దు మూపురంలా ఉబ్బేది. తెల్లారేసరికి ఆ నీరంతా ముందు కాలిలోకి జారి, ఒక కాలు లావుగా, పెద్దమనిషిలా నడిచొచ్చేవాడు.

అయిదు నెలలు అలా నెట్టుకొచ్చాం. చివరి రోజు పొద్దున పెరుగన్నం కలిపి పెట్టాను. వాసన చూసి, నా వేలు నాకి, మొహం తిప్పుకున్నాడు. మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, మెడపట్టీ ఒక్కటీ పట్టుకుని ఇంటికొచ్చాం.

నన్ను తొలిచేసే మాట ఇంకోటుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలకి విషమని చాలామందికి తెలుసు. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని 2021లో పశువైద్యులు రాశారు. ఆ ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంది. పండగ పండక్కీ వాడికి పులిహోర ముద్ద పెట్టింది నేనే. దానివల్లేనా అంటే డాక్టరు "చెప్పలేం" అన్నారు. అంతకంటే ఏమంటారు!

కుక్కకి సంతాప సభ పెట్టమని అడగడం లేదు. మా అమ్మాయి కళ్లారా చూసిన మొదటి చావు ఇది. తాతయ్యది ఫోన్లో విన్నదే. ఆ నవ్వులు విని "వీళ్లెందుకు నవ్వుతున్నారు నాన్నా?" అని అడిగింది. తెలుగు బడిలో ఎందుకు చేర్పించానా అని ఆ ఒక్కపూట అనిపించింది.

వేసవి పిక్నిక్‌కి పులిహోర ఎప్పట్లాగే నేనే కలుపుతాను. బల్ల కింద ఎవరి కుక్క ఎంత దీనంగా చూసినా మెతుకు వేయకండి. ఈలోగా మా అమ్మాయి కనబడితే ఒక్క "అయ్యో" అనండి, మైకు అక్కర్లేదు.