ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరిందన్నది సికిల్ సెల్ తీవ్రతకు కొలత కాదు

సికిల్ సెల్ అంటే ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగి, ఉండుండి తీవ్రమైన నొప్పులు తెచ్చే వంశపారంపర్య రక్తజబ్బు. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఇది ఉన్న పిల్లల విషయంలో సాధారణంగా రెండే అడుగుతారు: హిమోగ్లోబిన్ ఎంత? ఏడాదిలో ఎన్నిసార్లు అడ్మిట్ చేశారు? జబ్బు ఎంత ముదిరిందో ఈ రెండిటితోనే తేల్చేయడం అన్యాయం.

బస్సు అందే ఊళ్లో పిల్లాణ్ణి నొప్పి మొదలైన పూటే ఆసుపత్రిలో చేరుస్తారు. కొండమీది ఊళ్లో పిల్ల మూడు రోజులు మంచంలో మూలుగుతుంది, ఆర్‌ఎంపీ సూదితో సరిపెడతారు. కాగితాల ప్రకారం ఆ పిల్లకు జబ్బు తక్కువ! అందుకే అడ్మిషన్లతో పాటు గత నెలలో నొప్పితో ఎన్ని రోజులు బడి మానింది, ఎన్ని రాత్రులు నిద్రపోలేదు అని అడగాలి. ఏడాది సంగతులు ఎవరికీ సరిగా గుర్తుండవు. క్యాలెండర్‌లో నొప్పి వచ్చిన రోజుకు ఒక గీత, మాత్ర వేస్తే ఇంకో గీత పెట్టించండి. బడిలో ఒడియా చదివే పిల్ల, ఇంట్లో తెలుగు, విశాఖలో డాక్టరు: ఆ గీతలు ముగ్గురికీ అర్థమవుతాయి. నొప్పి ఎంతో నాన్నను కాదు, పిల్లనే అడగాలి, అదీ ఇంటి భాషలో. నాలుగైదేళ్లు దాటితే 0 నుంచి 10 వరకు ముఖాల బొమ్మలు చూపిస్తే చెప్పగలదు.

హిమోగ్లోబిన్ 7 లేదా 8 ఆ పిల్లకు మామూలే కావచ్చు. ఒంట్లో బాగున్న రోజున తీసిన అంకె నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండాలి. దానికంటే 2 గ్రాములు పడిపోయి, ప్లీహం (ఎడమ పక్కటెముకల కింద ఉండే అవయవం) ఒక్కసారిగా పెరిగితే ప్రాణాపాయం. ప్లీహం పెరిగిందేమో తెలియాలంటే పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, కుడి పొత్తికడుపు నుంచి ఎడమ పక్కటెముకల వైపు చెయ్యి జరుపుతూ, ఊపిరి పీల్చినప్పుడు అంచు తగులుతుందేమో చూడాలి. ఎముక కింద ఎన్ని సెంటీమీటర్లో ప్రతిసారీ టేపుతో కొలిచి రాయాలి. తల్లికీ ఇది నేర్పవచ్చు, నేర్పాలి కూడా.

నొప్పి లెక్కకు అందని ప్రమాదం పక్షవాతం. ఎన్నడూ నొప్పి అనని బిడ్డకూ అది రావచ్చు. అందుకే 2 నుంచి 16 ఏళ్ల వరకు ఏటా తలకు డాప్లర్ స్కాన్ (మెదడు రక్తనాళాల్లో రక్తం ఎంత వేగంగా పారుతోందో చూసే పరీక్ష) చేయించాలి. రక్తవేగం సెకనుకు 200 సెంటీమీటర్లు చేరితే వెంటనే చికిత్స మొదలుపెట్టాలి. వీటన్నిటినీ కూడి ఒకే మార్కు వేస్తే, నొప్పి లేని బిడ్డ సగటులో కొట్టుకుపోతుంది. వేర్వేరు గళ్లలోనే ఉంచాలి.

2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ ఇచ్చే కార్డు, జబ్బు ఉందా, వాహకమా (జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రమే మోస్తున్నారా) అన్నంతవరకే చెబుతుంది. బాగున్న రోజు హిమోగ్లోబిన్, ప్లీహం కొలత, చివరి డాప్లర్ తేదీ, గత నెల బడి మానిన రోజులు: ఈ నాలుగు గళ్లూ దాని వెనకే అచ్చువేయాలి.