గిర్రున తిరిగే చక్రం జవాబు కాదు

బెంగళూరులో యాప్‌లు తయారుచేసే మన ఇంజనీర్లు వేగం గురించి మాట్లాడినంతగా ఎదురుచూపు గురించి మాట్లాడరు. సర్వర్ స్పందనను మిల్లీసెకన్లలో కొలుస్తారు. ఆ స్పందన రానప్పుడు తెర మీద ఏం కనిపించాలన్నది మాత్రం రిలీజ్ ముందురోజు ఒక లోడింగ్ చక్రం తగిలించి ముగిస్తారు. వాడేవాళ్లకు ఇవ్వాల్సిన జవాబు ఎగ్గొట్టడమే ఇది.

ఎదురుచూపు పది సెకన్లు దాటితే ధ్యాస చెదురుతుందని, కంప్యూటర్లను మనుషులు ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ 1993లోనే రాశారు. పని ఎంత శాతం అయిందో చూపే పట్టీ జనానికి నచ్చుతుందని అదే రంగంలోని బ్రాడ్ మైయర్స్ 1985లోనే చూపారు. ఈ రంగంలో ఇవి అందరికీ తెలిసిన సంగతులే.

చివర్లో వేగం పుంజుకునే పట్టీ అదే సమయం తీసుకున్నా త్వరగా అయినట్టు అనిపిస్తుందని 2007లో పరిశోధకుడు క్రిస్ హారిసన్ బృందం తేల్చింది. మనసుకు ఊరట దొరికితే తప్పేమిటని కొందరు అడుగుతారు. ఫొటోలు అప్‌లోడ్ చేసేటప్పుడైతే ఫర్వాలేదు.

డబ్బు విషయంలో అలా కుదరదు. శుక్రవారం సాయంత్రం బెంగళూరు మారతహళ్లిలో సొంతూరు వెళ్లే బస్సుకు టికెట్ కొంటున్న మనిషిని తీసుకోండి. బ్యాంకు నుంచి డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, యాప్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. మళ్లీ కట్టాలా? యాప్ మూస్తే సీటు పోతుందా? అతనికి కావాల్సింది ఓదార్పు కాదు, ఏం చేయాలో తేల్చుకోవడానికి ఆధారం. ‘మీ బ్యాంకులో డబ్బు కట్ అయింది. బస్సు సంస్థ నుంచి జవాబు రావాలి. యాప్ మూసినా పని ఆగదు. ఇప్పుడే మళ్లీ కట్టొద్దు’ అని నాలుగు ముక్కలు రాస్తే సగం టెన్షన్ పోతుంది. యూపీఐలో డబ్బు కట్ అయి వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే ఐదు రోజుల్లోగా తిరిగి జమ చేయాలని, ఆపై ఆలస్యానికి రోజుకు 100 రూపాయలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019లోనే ఆదేశించింది. ఆ మాటకు చోటు ఆ తెర మీదే. ఫైలు సైజు తెలిసినప్పుడు శాతం చూపండి. అవతలి సర్వర్ ఎప్పుడు పలుకుతుందో తెలియనప్పుడు 99 దగ్గర ఆగే అంకె వేయకండి, పని ఏ మెట్టు మీద ఆగిందో చెప్పండి.

ఎదురుచూసేవాడికి సంగతి చెప్పాలన్నది ఈ రాష్ట్రంలో చట్టమే. ప్రభుత్వ సేవలు గడువులోగా అందాలనే కర్ణాటక ‘సకాల’ చట్టం 2011లో వచ్చింది. అర్జీ పెట్టినవాళ్లకు 15 అంకెల నంబరు ఇవ్వాలి, ప్రతి సేవకూ గడువు ఉండాలి, గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున 500 దాకా పరిహారం. మొత్తం చిన్నదే, కానీ మన సమయానికి విలువుందని ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకుంది. ప్రభుత్వ ఆఫీసు మీద పెట్టిన ఈ బాధ్యత డబ్బు తీసుకునే ప్రతి యాప్ మీదా పెట్టాలి. రిఫండ్ అయినా, ఇన్సూరెన్స్ క్లెయిమ్ అయినా ‘ప్రాసెస్‌లో ఉంది’ అంటే చాలదు. ఎవరి దగ్గర, ఏ తేదీ నుంచి ఆగిందో, ఎప్పటిలోగా తేలుతుందో తెర మీద రాయాలి.