చంద్రాపూర్ అరపూటలో అయిపోయే ఊరు కాదు

మహారాష్ట్రలోని చంద్రాపూర్ గురించి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో పదే పదే తిరిగే సలహా ఇది: “చంద్రాపూర్‌లో పులి తప్ప చూడ్డానికి ఏం లేదు. బల్లార్షాలో దిగండి, అదే చంద్రాపూర్. పొద్దున్నే ఏదో ఒక గేటు దగ్గరికి పోతే తాడోబా పులుల అడవికి టికెట్ దొరుకుతుంది. మధ్యాహ్నం కోట ఓ అరగంట చూసి రాత్రి బండెక్కేయండి. వానాకాలమైతే అడవి పచ్చగా ఉంటుంది.” బల్లార్‌పూర్, రాజురా వైపు ఉండే మాలాంటి తెలుగువాళ్ల ఇళ్లకు వచ్చే చుట్టాలు కూడా ఇదే నమ్మి వచ్చి ఇబ్బంది పడుతున్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాం.

“బల్లార్షా అంటేనే చంద్రాపూర్.” కాదు. బల్లార్షా స్టేషన్ ఉన్నది బల్లార్‌పూర్‌లో. గోండు రాజుల పాత రాజధాని అది, వార్ధా నది ఒడ్డున దాని కోట దానికి ఉంది. చంద్రాపూర్ అక్కణ్ణుంచి దాదాపు 15 కిలోమీటర్లు. కొన్ని బండ్లు చంద్రాపూర్‌లో కూడా ఆగుతాయి. టికెట్ తీసేటప్పుడే చూసుకోండి, లేదంటే అర్ధరాత్రి ఆటోవాడితో బేరమాడాల్సి వస్తుంది.

“కోటకు అరగంట చాలు.” ఈ మాటే మాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. చంద్రాపూర్‌లో కోట ఊరి మధ్య ఒక కట్టడం కాదు, పాత ఊరంతా కోట లోపలే ఉంది. ప్రహరీ చుట్టుకొలత సుమారు 11 కిలోమీటర్లు. ఉత్తరాన జట్‌పురా, పడమట బిన్బా, దక్షిణాన పఠాన్‌పురా, తూర్పున అచలేశ్వర్, ఇవి నాలుగు దర్వాజాలు. వీటికి తోడు ఖిడ్కీలనే చిన్న ద్వారాలు ఐదు. పడమట ఇరాయ్ నది, తూర్పున ఝర్‌పట్, రెండూ ఊరికి దక్షిణాన కలుస్తాయి. గోండు రాజు ఖాండ్క్యా బల్లాల్ షా వేటకుక్కను ఒక కుందేలు తరిమిందని, అవి పరుగెత్తిన దారి వెంటే గోడ కట్టించారని ఇక్కడి కథ.

దర్వాజా కింద నిలబడి కమాను పక్కన రాతిమీద చూడండి. ఏనుగును అణగదొక్కిన సింహం బొమ్మ కనిపిస్తుంది. అది గోండు రాజుల గుర్తు. బండిలో దాటిపోయేవాళ్లకు ఇది కనపడదు. జట్‌పురా దగ్గర ట్రాఫిక్ ఎక్కువ, పొద్దున ఏడులోపే చూసేయాలి. తర్వాత అచలేశ్వర్ దర్వాజా వైపు వెళ్తే గోండు రాజుల సమాధులున్నాయి. వాటిలో పెద్దది, రాణీ హీరాయ్ తన భర్త బీర్ షా కోసం కట్టించినది. మహాకాళి గుడి కట్టించిందీ ఆమే. చైత్రంలో పౌర్ణమికి ముందు రోజుల్లో అక్కడ జాతర జరుగుతుంది. మరాఠ్వాడా నుంచి, తెలంగాణ నుంచి జనం విరగబడతారు. జాతర కోసం కాకపోతే ఆ వారం మానుకోండి, గది దొరకదు.

“గేటు దగ్గర టికెట్ దొరుకుతుంది.” ఈ నమ్మకంతో వచ్చి వట్టి చేతులతో తిరిగిపోయేవాళ్లు చాలామంది. కోర్ (అడవి లోపలి భాగం) సఫారీకి అటవీశాఖ వెబ్‌సైట్‌లో ముందే బుక్ చేసుకోవాలి. శని, ఆదివారాలకు, వేసవికి రెండు మూడు నెలల ముందే చూసుకోవడం మంచిది. జిప్సీకి (సఫారీ జీపుకు) యాత్రికులు ఆరుగురే. పర్మిట్ మీద ఉన్న పేరుకు సరిపోయే ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపాలి, ఒకరి బదులు ఇంకొకరిని పంపడం కుదరదు. కోర్ లోపల సెల్‌ఫోన్ నిషేధం, ఫోటోలు కావాలంటే విడిగా కెమెరా తెచ్చుకోండి. సొంత కారులో సఫారీ ఉండదు.

అసలు దెబ్బతినేది గేటు ఎంచుకోవడం దగ్గర. చంద్రాపూర్‌లో దిగేవాళ్లకు మొహర్లీ గేటు అనుకూలం, సుమారు 30 కిలోమీటర్లు. మొహర్లీ నిండిపోయిందని కొందరు కోలారా బుక్ చేస్తారు. అది చిమూర్ వైపు, నాగ్‌పూర్ నుంచి వచ్చేవాళ్లకు దగ్గర. చంద్రాపూర్ నుంచి రోడ్డు మీద దాదాపు వంద కిలోమీటర్లు. తెల్లవారుజామున ఆ దూరం పోయేసరికి పొద్దుటి షిఫ్టు మొదలైపోతుంది, డబ్బు వెనక్కి రాదు. కోలారాయే దొరికితే ముందురోజు రాత్రి అటువైపే బస చేయండి.

“వానాకాలంలో వెళ్లండి.” జూలై నుంచి సెప్టెంబరు దాకా కోర్ మూసి ఉంటుంది, బఫర్‌లో (కోర్ చుట్టూ ఉన్న అడవిలో) కొన్ని గేట్లే తెరుస్తారు. పులి కనపడే అవకాశం ఏప్రిల్, మేలో ఎక్కువ, నీటి గుంటలు ఎండి జంతువులు మిగిలిన నీటి దగ్గరికే వస్తాయి కాబట్టి. కానీ ఆ నెలల్లో ఊళ్లో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. గోడ వెంట నడక ఉదయం తొమ్మిదిలోపు ముగించాలి. పులి కంటే ఊరు ముఖ్యమనుకునేవాళ్లు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రావాలి.

“మనవాళ్లకు సంబంధం లేని ఊరు” అని కూడా కొందరు చేరుస్తున్నారు. లాల్‌పేట్‌కు వెళ్లండి. అక్కడ ఆరుబయట భారీ ఏకశిలా విగ్రహాలున్నాయి. రాయప్ప అనే కోమటి పెద్ద శివాలయం కట్టాలని చెక్కించాడట, గుడి కట్టకముందే చనిపోయాడట. అన్నిటికంటే పెద్దది దాదాపు 25 అడుగుల పదితలల దుర్గ. జనం దాన్ని రావణుడంటారు.

మంగళవారం తాడోబాకు సెలవు. కాబట్టి సోమవారం సఫారీ, మంగళవారం ఊరు పెట్టుకోండి: పొద్దున్నే జట్‌పురా, తర్వాత సమాధులు, మహాకాళి, ఎండ తగ్గాక లాల్‌పేట్. బల్లార్‌పూర్ కోటకు బుధవారం ఉదయం వెళ్తే సరి, స్టేషన్ ఎటూ అటే.