కీబోర్డు దీపాలను ఏలే దొరగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కాంతి సెన్సర్ గారి సముఖమునకు,

నిన్న రాత్రి మా అమ్మాయి పరీక్ష దరఖాస్తు గడువు ముగియడానికి ఇరవై నిమిషాలు ఉందనగా, నేను పాస్‌వర్డు కొట్టబోయే సమయానికి తమరు నా ల్యాప్‌టాప్ కీబోర్డు దీపాలు ఆర్పించారు. ఎఫ్, జె మీటల మీది చిన్న గీతలు వేళ్లకు తగులుతాయి కనుక అక్షరాలను ఎలాగో తడుముకోగలను. అంకెల వరుసలో అలాంటి ఆనవాలేదీ లేదు. షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కాననుకున్నాను, 3 నొక్కానేమో, తెర మీద చుక్కలే తప్ప ఏమీ కనబడవు కదా. మూడుసార్లు తప్పయ్యేసరికి ఖాతాకు తాళం పడింది.

తమరి లెక్క నాకు తెలియక కాదు. తెర పైన, కెమెరా పక్కన కొలువుదీరి, గదిలో వెలుతురు ఎన్ని లక్స్‌లుందో కొలుస్తారు, చాలినంత ఉంటే దీపాలు దండగంటారు. నా వెనక గోడకున్న ట్యూబ్‌లైటు నా భుజం మీదుగా తమరి కంట్లో పడుతుంది, అదే లైటు వల్ల నా నీడ వచ్చి మీటల మీద పడుతుంది. తమరికి పట్టపగలు, నాకు అమావాస్య. 2003లో ఆపిల్ వారి 17 అంగుళాల పవర్‌బుక్ ల్యాప్‌టాప్‌లో తమరి పూర్వీకులు కీబోర్డుకు రెండు పక్కలా, స్పీకర్ల జల్లెడ కింద ఉండేవారు. మీటల మీద పడే వెలుతురే వారి మీదా పడేది. మేడ ఎక్కాక తమరికి కింద ఉన్నవాళ్ల చీకటి కనబడటం మానేసింది.

మీటలు కనబడక నేను ముందుకు వంగితే, నా తల ట్యూబ్‌లైటుకు అడ్డమై, తమరు చల్లగా దీపాలు వెలిగించారు. చూసుకుని నడుము ఎత్తగానే ఆర్పేశారు. మళ్లీ వంగాను, వెలిగాయి. లేచాను, ఆరాయి. పదకొండో వందనం దగ్గర మా ఆవిడ గుమ్మంలోంచి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

పగలు కిటికీకి ఎదురుగా కూర్చుంటే, వెలుతురు నీ వీపు మీద పడుతుంది కనుక, అక్కర్లేకపోయినా వెలిగి, వెండిరంగు మీటల మీద తెల్లటి అక్షరాలను మాయం చేస్తావు, పోనీలే అనుకున్నాను. వాక్యం మధ్యలో ఆలోచిస్తూ పది సెకన్లు చెయ్యి తీస్తే నిద్రపోయాననుకుంటావు, అదీ భరించాను. కానీ వంగి దండం పెడితేనే వెలుగుతానంటావా? నీకు ఆ కుర్చీ ఇచ్చిందెవరు? పక్కనున్న కెమెరాను అడిగినా చెప్పేది కదా, వాడి ఒళ్లో చీకటిగా ఉందిరా అని!

అందుకే ఇందాక మా ఆవిడ బొట్టుబిళ్ల ఒకటి తెచ్చి నీ కంటికి అంటించాను. ఇక నీకు ఎప్పుడూ రాత్రే. మీటలన్నీ దీపావళిలా వెలుగుతున్నాయి. తెర వెలుతురు కూడా నీ చేతిలోనే ఉందన్న సంగతి మాత్రం నాకు అప్పుడు గుర్తు రాలేదు. ఏ మీట నొక్కుతున్నానో చక్కగా కనబడుతోంది, ఏం రాస్తున్నానో కనబడటం లేదు.

ఇట్లు,
తమరి వల్ల నడుము పట్టేసిన విధేయుడు